పేరు చివర సున్నా

తిరుత్తణి,
ఆదివారం.

చిరంజీవి ఆనంద్‌రాజ్‌కు అక్క ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అమ్మా నేనూ కులాసా. కాట్టుపల్లి ఉప్పుగాలికి నీ ఒళ్ళు ఎలా ఉందో రాయి. నువ్వు ఫోన్ ఎత్తవు గనుక ఉత్తరానికి ఉత్తరమే రాస్తున్నాను. అమ్మకు మోకాలి వాపు తగ్గింది. నీ బండి ఎలుమలై మామ తోలుతున్నాడు, పోట్లాటకు దిగకు.

"తప్పు యాడ జరిగిందక్కా?" అని అడిగావు. చెబుతాను. నువ్వు పాస్కల్ భాషలో రాసిన ప్రోగ్రాం, పేరులో ఎన్ని అక్షరాలో మొదటి గడిలో రాసుకుని అక్కడికి ఆగుతుంది. మగ్గాన్ని నడిపే ప్రొసీజర్ సీ భాషది. దానికి ఆ లెక్కతో పనిలేదు, చివర సున్నా కనబడేదాకా నేస్తూనే పోతుంది. నువ్వు లెక్క గడిని దాటించి పేరు అందించావు గానీ సున్నా పెట్టడం మరిచావు. పరీక్షించిన ప్రతిసారీ సిస్టం కొత్తగా ఆన్ చేశావు, మెమరీలో అన్నీ సున్నాలే, కాబట్టి బాగా వచ్చింది. నీ పెళ్ళిచీరకు ముందు మాత్రం అదే మగ్గం మీద గుడికిచ్చే చీర నేశాం. అంచులో ఇంగ్లీషు అక్షరాలతో "గోవిందమ్మ నినైవాగ", అంటే పోయిన గోవిందమ్మ జ్ఞాపకార్థం. సిస్టం ఆపకుండానే నీకు కుదిరిన పిల్ల అభినయ పేరు ఎక్కించాం. "గోవింద" ఏడక్షరాల చోట, హెచ్ లేకుండా రాసే అభినయ ఏడక్షరాలూ కూర్చున్నాయి. మిగతాది అలాగే ఉండిపోయింది.

"అభినయమ్మ నినైవాగ."

ముహూర్తం చీర మగపెళ్ళివారే సొంత మగ్గం మీద నేసివ్వడం మనవాళ్ళ ఆనవాయితీ కదా. తాంబూలాల నాడు పదిమందిలో మడత విప్పగానే అభినయ తల్లి వళ్ళియమ్మ ఎలా అరిచిందో నువ్వు విన్నావు. "బతికుండే బిడ్డకి నినైవు చీర నేసినారా? మీరు మనుసులేనా?" ఆ పూటే సంబంధం తెగింది.

సున్నా మరిచింది నువ్వే. కానీ ఒకటి నీకు దాచాను. ఆ అక్షరాలు మగ్గం మీద పడుతుండగానే నేను చదివాను. ఆపలేదు. అంతకు వారం ముందే "మొగుడొదిలేసినామె తాంబూలం తట్ట ముట్టగూడదు" అని వళ్ళియమ్మ నా గురించి అంటే నువ్వు తల ఊపావు. పైగా నాతో "ఆ ఒక్క పూట వంటింట్లో ఉండక్కా" అన్నావు. నీకు అన్నం కలిపి పెట్టిన చేతులురా ఇవి. ఆ చేతులతోనే చీర మడిచి, అక్షరాలు లోపలికి పోయేలా తట్టలో సర్దాను. కోపంతోనే చేశాను. ఇప్పటికీ బాధ లేదు.

మళ్ళీ వెళ్ళి వాళ్ళను బతిమాలమన్నావు. ఇక అక్కర్లేదు. అభినయకు తిరువళ్ళూరు సంబంధం కుదిరింది. ఆ పెళ్ళికొడుకు వాళ్ళకు మగ్గం లేదు, మన సంగతీ తెలియదు. చీర నా దగ్గరే నేయించుకున్నారు. ఎవరి మగ్గమో వళ్ళియమ్మ అడగలేదట. నీ ప్రోగ్రాంలో పేరు చివర సున్నా పెట్టే వరుస ఒక్కటి చేర్చాను. మొన్న శుక్రవారం అభినయ ఆ చీర కట్టుకునే పీటల మీద కూర్చుంది. పేరు శుభ్రంగా వచ్చింది.

ఇట్లు,
నిన్ను చంకన వేసుకుని పెంచిన అక్క,
సెల్వి.