స్లాబ్ మీద నీళ్లు

శుక్రవారం, రాత్రి

స్నేహం కొద్దీ అప్పలనాయుడికి ఇల్లు కట్టిచ్చాను. స్లాబ్ కారడంతో ఇద్దరం కోర్టుకెక్కాం. నా పని నాసిరకం అంటాడు వాడు. ట్యాంకు పెట్టించుకుంటూ వాడే స్లాబ్ పాడుచేశాడంటాను నేను.

ఈరోజు కోర్టు పెట్టిన మధ్యవర్తి మేడమ్ మమ్మల్ని గదిలో కూర్చోబెట్టలేదు. కూర్మన్నపాలెంలో ఆ ఇంటి మీదికే ఎక్కించారు. "ఇద్దరూ కలిసి మట్టి గట్టు కట్టి, తెల్లారేదాకా నీళ్లు నిలబెట్టండి. ఎవరి వల్ల కారితే వాళ్లు బాగుచేయించాలి, సరేనా?" అన్నారు. ఇద్దరం తలూపాం.

మొహాలు తిప్పుకునే మట్టి వేశాం. నీళ్లు నిండుతుండగా నా వైపు గట్టు తెగింది.

"ఏటి బావా, సూస్తన్నావ్? మట్టెయ్!" అని అరిచాడు నాయుడు.

కేసు వేశాక వాడు నన్ను బావా అనడం ఇదే మొదటిసారి. అన్నాక వాడే తెల్లబోయాడు. నాకు నవ్వాగలేదు. చివరికి వాడూ నవ్వాడు. ఇద్దరం కలిసి తెగినచోటు పూడ్చాం.

రేపు కింద తడి ఎక్కడ కనిపిస్తుందో! ట్యాంకు దగ్గరైతే తప్పు వాడిది, వేరేచోటైతే నాది. నా పనిలోనే లోపముంటే? వాడు మాట మారిస్తే? పడుకున్నా నిద్ర పట్టడం లేదు...

ఇప్పుడే నాయుడు ఫోన్ చేశాడు.

"మేడెక్కి సూసొచ్చాను. నీ గట్టు మళ్లీ తెగలేదు బావా, తొంగో."