మూడో ఫ్లవర్‌హార్న్

చంద్రకళా, బడిలో పాఠాలు చెప్పి రాగానే చేపకు పది గోలీలు వెయ్యి. దాని మేత డబ్బాలోవి, నా బీపీవి కావు. తొట్టి నీళ్లు పావు వంతే మార్చు. నల్లా నీళ్లు ఒక రోజు బకెట్లో నిలవ ఉంచినవే పొయ్యి. శుక్రవారమని మీ అమ్మ అందులో పసుపు వెయ్యబోతే చెయ్యి పట్టుకో.

నేను మిర్యాలగూడ దవాఖానకు పోతున్నాను. నాలుగు రోజులుగా ఛాతీ బరువుగా ఉంది, నీకు చెప్పలేదు. యాంజియోగ్రామ్ తీస్తారట. గ్రామే కదా, కిలో కాదు, పరేషాన్ కాకు.

"ఇంటాయనకొచ్చే గండం ఈ చేప మీదేసుకొని సస్తది, సూడు అల్లుడా" అని మీ అమ్మ మొదటి ఫ్లవర్‌హార్న్‌ను తెప్పించినప్పుడు పగలబడి నవ్వాను. అది చచ్చిన రోజే మునగాల దగ్గర నా బండి లారీ కిందికి పోయింది, నేను పోలేదు. రెండోది చచ్చాక నా డెంగీ తగ్గింది. అప్పుడూ నవ్వాను.

ఫోన్ ఎత్తకపోతే మీ అన్నను పంపు.

ఇంకోమాట. పొద్దున అరగంట తొట్టి ముందే కూర్చున్నాను. దీనికి ఏమీ కాలేదు. ఇంత హుషారుగా దీన్ని ఎన్నడూ చూడలేదు.