పొలాలు ఎర్రగా ఉన్నాయట

దిల్‌సుఖ్‌నగర్,
ఆదివారం.

అమ్మకు,

గౌతమ్ నమస్కరించి రాయునది. ఇక్కడ నాన్న, నేను క్షేమం. నువ్వు పనిచేసే ఆ దీవిలో వానలు తెరిపిచ్చి, నీ జలుబు కూడా తగ్గి ఉంటుందని తలుస్తున్నాం.

నీ ఉత్తరం గురువారం అందింది. నాన్న పప్పులో ఉప్పు మరచిపోవడం లేదు, రెండుసార్లు వేస్తున్నారు. బీపీ మాత్రలు మాత్రం నా ఎదుటే మింగుతున్నారు. ఫ్లయింగ్ స్కూల్‌వాళ్ళ మెడికల్ పరీక్ష ఎప్పుడని అడిగావు. అది తర్వాత రాస్తాను.

విమానం ఫోటోలు నాలుగు పంపితే ఒక్కటీ తెరుచుకోలేదని పోయిన నెల ఫోన్‌లో అన్నావు. అక్కడి నెట్ సంగతి తెలిసి కూడా అంత పెద్దవి పంపాను. కంప్యూటర్‌లో విమానం నడిపే ఆటలో తెర మీది దృశ్యాన్ని ఫోటో తీస్తే ఒక్కొక్కటి ఎనిమిది ఎంబీ ఉంటుంది. మీ ఊరు పైనుంచి ఎలా ఉంటుందో చూడాలన్నావని ఆ ఆటలోనే రాజమండ్రిలో దిగుతూ తీశాను. గోదావరి, వంతెనలు, కొవ్వూరు వైపు పొలాలు అన్నీ వచ్చాయి.

వాటిని చిన్నవి చేద్దామని కూర్చుంటే ప్రాణం విసిగిపోయిందమ్మా. వెడల్పు సగం చేస్తే రెక్క అంచు రంపంలా అయింది. ఇంకా కుదిస్తే ఆకాశం నిండా చారలు, గోదావరి గళ్ళ లుంగీలా తయారైంది. నాణ్యత పెంచానా, మళ్ళీ బరువు మామూలే. ఈ ఆట ఆడేవాళ్ళంతా ఫోటోలు పెట్టుకునే సైట్ ఒకటుంది. ఒక ఎంబీ దాటితే తీసుకోదు. వెనక్కి కొడుతూనే ఉంది. ఎలాగో ఇరికించాను. అంత నలిగాక రంగు వెలిసినట్టనిపించి, పొలాలు పచ్చగా కనబడేదాకా నేనే రంగులు సరిచేసి పెట్టాను.

పెట్టానో లేదో, "గోదావరి ఒడ్డున ఇన్ని ఎకరాల ఇటుక బట్టీలా?" అని ఎవరో రాశారు. దాని కింద అందరూ నవ్వులే. ఫోటో కుదించే యాప్‌ని తిట్టాను, సైట్‌ని తిట్టాను. తీసేసి మళ్ళీ చేస్తే మళ్ళీ అదే మాట. మానిటర్ పాడైంది, కొత్తది కొనమంటే వినరని నాన్న మీద అరిచాను. ఆయన పకోడీల పొట్లం నా పక్కన పెట్టి వెళ్ళిపోయారు. అది ఇంకా కోపం తెప్పించింది.

మర్నాడు మీర్‌పేట్ నుంచి మహిపాల్ వచ్చాడు. నాతో కోచింగ్‌లో చదివినవాడే, నీ పులిహోర కోసం రాత్రి దాకా ఉండిపోయేవాడు. తెర చూసి, "ఏందిరా గిది? పొలాలు గింత ఎర్రగున్నయ్?" అన్నాడు.

"పచ్చగానే ఉన్నాయి కదరా! కుదించాక కొంచెం మాసింది, అంతే."

"మజాక్ చేస్తున్నవా?" అని అసలు ఫోటోని దాని పక్కనే తెరిచాడు. "గిది పచ్చగుంది. గిది ఎర్రగుంది. నీకు రెండూ ఒక్క తీరే కనిపిస్తున్నయా?"

నాకు రెండూ ఒకేలా ఉన్నాయమ్మా.

వాడి మొహంలో నవ్వు పోయింది. "జర దవాఖానకు పోదాం పా" అని బండెక్కించాడు. ఎల్బీనగర్ చౌరస్తాలో ఆగినప్పుడు సిగ్నల్ వైపే చూస్తూ కూర్చున్నాను. పైదీపం వెలిగితే ఆగాలి, కిందిది వెలిగితే వెళ్ళాలి. ఇన్నేళ్ళూ నేను చూసింది అంతేనేమో.

కంటి డాక్టరుగారు రంగు చుక్కల పుస్తకం తెరిచారు. వెనక నిలబడ్డ మహిపాల్‌కి ప్రతి పేజీలో అంకె కనబడింది. నాకు చుక్కలే. "ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని వర్ణాంధత్వం ఇది. చదువుకి, మామూలు ఉద్యోగానికి ఏం ఇబ్బంది లేదు బాబూ. పైలట్ మెడికల్‌లో మాత్రం ఇది ఉంటే గట్టెక్కలేవు. మీ అమ్మగారి వైపు ఎవరికైనా ఉందా?" అన్నారు. ఉపేంద్ర మామయ్య సంతలో పచ్చి టమాటాలు పండినవనుకుని తెస్తే మీరంతా నవ్వడం గుర్తొచ్చింది.

ఇది జరిగి మూడు వారాలైంది. ఫోన్‌లో నువ్వు మెడికల్ ఊసెత్తినప్పుడల్లా సిగ్నల్ లేదని పెట్టేసింది అందుకే. నాన్నకు నిన్న చెప్పాను. "అమ్మకు నేను రాయనా?" అన్నారు. వద్దన్నాను.

మహిపాల్ పక్కన కూర్చుని చూస్తుండగా, రంగులు ముట్టుకోకుండా ఆ ఫోటో మళ్ళీ పెట్టాను. బాగుందని చాలామంది రాశారు. ఏం బాగుందో నాకు తెలియలేదు.

కోపంగా ఉందమ్మా. ఎవరి మీదో తెలియని కోపం. ఫీజులు కట్టి నన్ను పైలట్‌ని చేయాలనే నువ్వు అంత దూరం పోస్టింగ్‌కి ఒప్పుకున్నావు. పైగా నర్సువి. ఇది కొడుక్కి ఎవరి నుంచి వస్తుందో నీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ ఉత్తరం రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది దానికే.

దాచినందుకు తిట్టు. నాన్న మీద అరిచినందుకు ఇంకా తిట్టు. ఇక ఏం చదవాలో చెప్పు, వింటాను. "నా వల్లే" అని మాత్రం రాయకు. ఆ మాట కనబడితే ఉత్తరం అక్కడే మడిచేస్తాను.

ఇట్లు,
నీ కొడుకు
గౌతమ్