పెదనాన్న వద్దన్న నాణేలు

కఫర్ మల్లూల్,
ఆలివ్ కోత ముగిసిన వారం

ఒరేయ్ అనీస్,

మేం బతికే ఉన్నాం. నువ్వూ బతికే ఉన్నావని వ్యాన్ నడిపే మిల్హెమ్ చెప్పాడు. క్షేమ సమాచారాలు అయిపోయాయి.

ఫోన్ చెయ్యొచ్చు కదా అనకు. నీకు బీరుట్‌లో కరెంట్ ఉన్నప్పుడు నాకిక్కడ సిగ్నల్ ఉండదు. పైగా నువ్వు మొన్న ఇచ్చిపోయిన ఫోన్ కొత్త డబ్బు దాచుకునే పెట్టె అన్నావు. డబ్బు పెట్టెలో నోరు పెట్టి మాట్లాడే అలవాటు మన వంశంలో లేదు. నాకు చదువు పెద్దగా అబ్బలేదు, అక్షరాలు వంకరగా ఉంటాయి. మాట మాత్రం సూటిగానే ఉంటుంది.

మళ్ళీ బ్యాంకుకి వెళ్ళాను. మేనేజరు కాఫీ ఇచ్చి, "మీ డబ్బు భద్రంగా ఉంది బాబాయ్, బయటికి తియ్యడానికే వీల్లేదు" అన్నాడు. "నా గాడిదా భద్రంగానే ఉంది, అయినా దాన్ని దొడ్లోంచి బయటికి తీసి ఎక్కే వచ్చాను" అన్నాను. నవ్వాడు. అతని జీతం బయటికొస్తోంది కాబట్టి నవ్వు కూడా వస్తుంది.

మీ పెద్దమ్మ నజ్లా రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరాయి. త్రిపోలీ డాక్టరు ఆపరేషన్ చేస్తానంటున్నాడు, కానీ డాలర్లే కావాలట, చేతిలో పెట్టాలట. చెక్కు వద్దట, మన లీరా నోట్లైతే అసలే వద్దట. నిన్న ఆవిడ కాఫీలో పంచదార అనుకుని ఉప్పు వేసింది. తాగి బాగుందన్నాను. ఇంకో కప్పు పోసింది.

అందుకే నువ్వు చెప్పినదానికి ఒప్పుకున్నాను. ఈ ఏటి నూనె ఇరవై డబ్బాలూ మిల్హెమ్ వ్యాన్‌లో మీ సంఘానికి పంపేశాను. దాని ఖరీదు ఫోన్‌లోకి నాణేలుగా వస్తుందన్నావు. ప్రభుత్వం అచ్చెయ్యని డబ్బు, బ్యాంకు తాళం వెయ్యలేని డబ్బు అన్నావు. ఆ నాణేలు తీసుకుని డాలర్లిచ్చే కుర్రాడు త్రిపోలీలో ఉన్నాడన్నావు. సరే.

పొద్దున్న ఫోన్ కూసింది. డబ్బు వచ్చింది. వెంటనే తిప్పి పంపాను. అదేమిట్రా, మన మధ్య డబ్బేమిటి? ఉంచుకో. నువ్వు నేర్పినట్టే నొక్కాను. నా బొటనవేలు ఆ మీటల మీద పట్టదు కాబట్టి మధ్యాహ్నం అయింది.

నీ పెదనాన్న,
ఇస్బిర్

తా.క.: నేను నొక్కిన మీటలాంటిదే నీ ఫోన్‌లో కూడా ఉంటుంది. ఊరికే గుర్తు చేస్తున్నాను.

*

బీరుట్

మహోన్నతులైన పెదనాన్నకి,

మీ ఉత్తరం చదివి చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను.

మీరు నాణేలు తిప్పి పంపిన సంగతి హమ్రా వీధి కాఫీ హోటల్లో మా స్వేచ్ఛా నాణెం సంఘానికి చెప్పాను. అందరూ లేచి నిలబడ్డారు. అధ్యక్షుడు రమ్జీ కళ్ళు తుడుచుకున్నాడు. "ఒక కొండ రైతు ఏడాది పంటంతా ఉద్యమానికి ధారపోశాడు. ఇక ప్రభుత్వం నోట్లకి రోజులు దగ్గరపడ్డాయి" అన్నాడు.

పెదనాన్నా, ఈ డబ్బు గొప్పతనం మీకు నేను సరిగ్గా చెప్పలేదు. ఇందులో బతిమాలుకోవడాలు లేవు. పంపితే పంపినట్టే, వద్దంటే వద్దన్నట్టే. ప్రపంచమంతటా వేల యంత్రాలు సాక్షులుగా ఉంటాయి, ప్రతిదాని దగ్గరా అదే లెక్క ఉంటుంది. ఒకసారి జరిగినదాన్ని రాజైనా వెనక్కి పిలవలేడు. పైకొకటి, లోపలొకటి అనే మన పాత మొహమాటాలన్నీ ఈ నాణెం తుడిచేస్తుంది. అది మొదట అర్థం చేసుకున్నది మీరే.

నూనె సభ్యులందరం పంచుకున్నాం. అమృతం.

మీ
అనీస్

తా.క.: ఖాళీ డబ్బాలు తిరిగి పంపమంటారా, వాటిని కూడా ఉద్యమానికే ఇచ్చారా?

*

కఫర్ మల్లూల్

ఒరేయ్ అనీస్,

మేమిద్దరం బాగున్నాం, ఒకరికి మాత్రం కనపడదు.

మీవాళ్ళు లేచి నిలబడినందుకు సంతోషం. ఇక కూర్చోమను.

నేను ఏమీ అడగడం లేదు. జన్మలో ఎవర్నీ అడగలేదు. మామూలుగా ఒక సంగతి చెబుతున్నాను, అంతే. మీ తాత ఒకసారి కంచర గాడిదని అమ్మాడు. కొన్నవాడు డబ్బు చేతిలో పెట్టాడు. తాత వద్దన్నాడు. వాడు జేబులో కుక్కాడు. తాత తీసి వాడి టోపీలో వేశాడు. వాడు మూడోసారి మా ఇంటి కిటికీలోంచి లోపలికి విసిరి పరిగెత్తాడు. అప్పుడు తాత తీసుకున్నాడు. అదీ మర్యాద. మొదటి మాటకే తీసుకునేవాడు ఆకలితో చస్తున్నవాడు. రెండో మాటకి తీసుకునేవాడు త్రిపోలీవాడు. మన కూరా ప్రాంతపు మనుషులు మూడోసారి తీసుకుంటారు. ఈ సంగతి మీ వేల యంత్రాలకి ఎవరైనా చెప్పారా?

నిన్న మీ పెద్దమ్మ తలుపు పక్కన వేలాడుతున్న నా కోటుకి కాఫీ ఇచ్చింది. బాగున్నావా అని కూడా అడిగింది. నేను మంచంమీదే ఉన్నాను. పిలవలేదు. పిలిస్తే సిగ్గుపడుతుంది.

డాక్టరు పండగ తరవాత వేరే దేశం పోతాడట. మంచి డాక్టర్లంతా పోతున్నారు. ఇదీ ఊరికే రాస్తున్నాను.

ఇస్బిర్

తా.క.: పక్కన కూర్చుని మీ పెద్దమ్మ, "డబ్బు పంపమని సూటిగా రాయి" అంటోంది. అలాంటివి నేను రాయను. ఆవిడ అన్నదని మాత్రం రాస్తున్నాను.

*

బీరుట్

పెదనాన్నా, గురువర్యా!

మీ మనసులో మాట పట్టుకున్నాను. మీ ఉత్తరం సంఘంలో చదివాను. "ఈయన మనల్ని పరీక్షిస్తున్నాడు. మళ్ళీ పంపి చూడు" అన్నాడు రమ్జీ. అందరి ముందూ మళ్ళీ పంపాను.

అందరం ఫోన్ చుట్టూ మూగి ఊపిరి బిగబట్టాం. కాఫీ చల్లారేలోగా మీరు మళ్ళీ తిప్పి పంపేశారు! ఈసారి మీ బొటనవేలు ఎంత వేగంగా కదిలింది, పెదనాన్నా! సమీరా అనే అమ్మాయి కేకపెట్టింది. మేం ప్రభుత్వం డబ్బునే వద్దనుకున్నాం, మీరు డబ్బునే వద్దనుకున్నారు. మాకంటే మీరు ఒక మెట్టు పైనున్నారు.

అందుకే ఓటేసి తీర్మానించాం. ఆ నాణేలు ఎవరి చేతిలో పడి మైలపడకూడదని 'ఇస్బిర్ నిధి' పేరుతో తాళం వేశాం. నాలుగేళ్ళు తెరుచుకోదు. తాళంచెవి అసలు లేదు. నేను ఏడ్చినా తెరుచుకోదు, రమ్జీ మొత్తుకున్నా తెరుచుకోదు. ఏ బ్యాంకు మేనేజరూ ఇంత గట్టిగా తాళం వెయ్యలేడు!

వచ్చే ఆదివారం సంఘం మొత్తం మీ దర్శనానికి వస్తోంది. ఎనిమిది మంది. నాకు జ్వరంగా ఉంది, నేను రాలేను.

మీ శిష్యుడు,
అనీస్

తా.క.: రమ్జీ మాంసం ముట్టడు. చేప తింటాడు. మన కొండమీద చేప దొరుకుతుందా?

*

కఫర్ మల్లూల్

ఒరేయ్ అనీస్,

నువ్వు జ్వరంతో ఉన్నావు కాబట్టి తిట్టడం లేదు. తగ్గాక చెప్పు.

రెండోసారి ఫోన్ కూసినప్పుడు మీ పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నొక్కకు ఇస్బిర్, నీకు దణ్ణం పెడతాను" అంది. "ఇది రెండోసారే కదే, ఎలా తీసుకుంటాను? ఇంకొక్కసారి ఓర్చుకో" అన్నాను. తిప్పి పంపి, మూడోసారి కోసం ఫోన్‌ని జెనరేటర్ కరెంట్‌కి తగిలించి దాని ఎదురుగా కుర్చీ వేసుకు కూర్చున్నాను. తలకి నూనె రాసుకున్నాను. షేవింగ్ కూడా చేసుకున్నాను. మూడోసారి కూయలేదు. నీ ఉత్తరం వచ్చింది.

బ్యాంకువాడు నా డబ్బుకి భయంతో తాళం వేశాడు. మీరు ప్రేమతో వేశారు. బ్యాంకుకైతే తన్నడానికి తలుపైనా ఉంది. మీ నిధిని ఎక్కడ తన్నాలి?

మీ పెద్దమ్మ నాతో మాట్లాడటం లేదు. కోటుతో మాట్లాడుతోంది.

ఇక మీవాళ్ళు. గడప తొక్కి వచ్చేవాడు నా ఇల్లు కాల్చినవాడైనా అతిథే. రమ్మను.

ఇస్బిర్

తా.క.: చేప దొరుకుతుంది. సముద్రం దాకా నా గాడిదకి దారి తెలుసు.

*

బీరుట్

పెదనాన్నా,

ఆదివారం మీ ఇంట్లో ఏం జరిగింది?

రమ్జీ ఒక్కడే తన పెద్ద కారులో తిరిగొచ్చాడు. మిగతా ఏడుగురూ సమీరా వాళ్ళ బుల్లి కారులో ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని వచ్చారు, కానీ అతని కారు ఎక్కలేదట. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పరు. కాఫీ హోటల్లో మా బల్ల ఖాళీ. సంఘం బోర్డు సమీరా పీకేసింది. రమ్జీని అడిగితే "మీ పెదనాన్ననే అడుగు" అని ఫోన్ పెట్టేశాడు.

నాకు జ్వరం తగ్గింది, మతి పోయింది.

అనీస్

తా.క.: పెద్దమ్మ కళ్ళ సంగతి మీ మొదటి రెండు ఉత్తరాల్లోనూ ఉందని ఇవాళ మళ్ళీ చదివితే తెలిసింది. అప్పుడు మేం 'ఉద్యమం' అన్న మాట కోసం వెతుకుతూ చదివాం. సిగ్గుగా ఉంది.

*

కఫర్ మల్లూల్

ఒరేయ్ అనీస్,

జ్వరం తగ్గిందిగా, ఇక విను.

వచ్చారు. చేపలు తిన్నారు. వేపినవీ తిన్నారు, కాల్చినవీ తిన్నారు, రమ్జీ ముళ్ళు కూడా చప్పరించాడు. "మీ ఇల్లే అనుకోండి" అన్నాను. సమీరా, "మీటింగులు పెట్టుకోడానికి ఏ గది ఇస్తారు బాబాయ్?" అంది. ఇంటి వాడకానికి దాచుకున్న నూనె చూసి రమ్జీ బాగుందన్నాడు. "తీసుకో" అన్నాను. రెండు డబ్బాలు మోసుకెళ్ళి కారులో పెట్టుకున్నాడు. కనీసం ఒక్కసారి కూడా వద్దనలేదు. కొత్త మనుషులు మరి.

సాగనంపడానికి కారు దాకా వెళ్ళాను. తెల్లగా, మా చర్చి పాదిరీగారి ఇల్లంత ఉంది. బాగుంది కాబట్టి, "మంచి కారు నాయనా" అన్నాను. అంతే. ఎంత కొత్త మనిషైనా వాడూ ఒక లెబనాన్ తల్లి కన్నవాడే కదా, నోరు దానంతటదే తెరుచుకుంది. గుండె మీద చెయ్యి వేసుకుని "మీదే బాబాయ్, తీసుకోండి" అన్నాడు.

నా వయసులో మనిషి అలాంటి మాటకి ఏం చేస్తాడు? "నీ దగ్గరే బాగుంటుంది, చల్లగా వాడుకో" అంటాడు. నోటిదాకా వచ్చింది. ఆ పక్కనే మీ పెద్దమ్మ, అతిథులు వెళ్ళిపోతున్నారని గోడకి వీడ్కోలు చెబుతోంది.

నేను చెయ్యి చాపాను. "తాళంచెవి" అన్నాను.

రమ్జీ నవ్వాడు. నేను నవ్వలేదు.

"బాబాయ్, అది మాట వరసకి..."

"మీ డబ్బులో మాట వరస లేదని మా అనీస్ రాశాడు" అన్నాను. "ఇచ్చానన్నావు, పుచ్చుకున్నాను. వీళ్ళు ఏడుగురు విన్నారు, ప్రతివాడి బుర్రలోనూ అదే లెక్క రాసి ఉంది. మధ్యలో ప్రభుత్వం ఉందా? లేదు. బ్యాంకు ఉందా? లేదు. ఇక దీన్ని వెనక్కి పిలిచేదెవరు?"

వాడు సాయం కోసం సమీరా వైపు చూశాడు. ఆ పిల్ల, "నిజమే రమ్జీ. మన సిద్ధాంతం అదే కదా" అంది. మంచి పిల్ల.

చలి పెరిగింది. వాడు రాయి మీద కూర్చున్నాడు. "నా కారు నేనే కొనుక్కుంటాను బాబాయ్, నాణేలు పంపుతాను" అన్నాడు.

"నా ఫోన్‌కి మీ నాణేలు తిప్పి పంపే జబ్బుంది" అన్నాను.

తరవాత లేచి, వెనక డిక్కీ తెరిచి, స్పేర్ టైరు ఎత్తి, దాని కింద నుంచి ఉన్ని మేజోడు ఒకటి తీశాడు. దాని నిండా డాలర్లు. నలగని పచ్చనోట్లు.

ఏడుగురూ డిక్కీ చుట్టూ చేరారు. "రమ్జీ, మా అమ్మ దాచుకున్న డాలర్లు కూడా నీ మాట విని నాణేల్లోకి మార్చాను కదా!" అంది సమీరా. "ఇవి అత్యవసరానికి..." అని గొణిగాడు వాడు. తరవాత వాళ్ళు మాట్లాడుకున్నవి ఉత్తరంలో రాసేవి కావు.

వాడు నోట్లు చాపాడు. నేను మొదటి మాటకే తీసుకున్నాను. జన్మలో మొదటిసారి. ఊళ్ళో ఎవరికీ చెప్పకు, ముఖ్యంగా మిల్హెమ్‌కి. ఇరవై డబ్బాల ఖరీదు మాత్రం ఉంచుకుని మిగతాది వాడికే ఇచ్చేశాను. తాళంచెవి కూడా ఇచ్చాను. అంత పెద్ద కారు మా దొడ్లో పట్టదు, గాడిద ఒప్పుకోదు.

బుధవారం త్రిపోలీలో ఆపరేషన్ అయింది. పట్టీ తీశారు. నువ్వు సిగ్గుపడింది చాలు, వచ్చి మీ పెద్దమ్మకి మొహం చూపించు.

ఇస్బిర్

తా.క.: ఆ నిధి తాళం నాలుగేళ్ళకి ఊడినప్పుడు నేను ఉంటానో లేదో. నాణేలు నువ్వే ఉంచుకో. ఈసారి నిజంగానే అంటున్నాను.

తా.క. మళ్ళీ: ఒరే అనీస్, ఇది పెద్దమ్మ రాత. నన్స్ బడిలో నేర్చుకున్న రాత, మీ పెదనాన్నది కాదు. ఉత్తరం అంటించమని నా చేతికిచ్చాడు. నేనిప్పుడు చదవగలనని మర్చిపోయినట్టున్నాడు. మొదటి మాటకే తీసుకున్నాడన్నది పచ్చి అబద్ధం. ఆ అబ్బాయి నోట్లు చాపగానే ఈ మహానుభావుడు వెనక్కి తగ్గి, "అబ్బే, మన మధ్య ఏమిటి నాయనా, ఉంచుకో" అన్నాడు. ఆ అబ్బాయి సరేనని జేబులో పెట్టుకోబోయాడు. అప్పటికి నాకు మనుషులెవరెవరో తెలిసేది కాదు కానీ, పచ్చరంగు ఎటు పోతోందో మాత్రం తెలిసింది. లాక్కున్నాను. లెక్కపెట్టి మిగతాది తిరిగిచ్చానని గొప్పగా రాశాడు కదా, నేను చూపించినంతే ఆయన లెక్కపెట్టాడు. ఇరవై డబ్బాలకి ఒక కన్నే వస్తుంది. నాకు రెండున్నాయి.