లేని బంతి

ప్రియమైన అక్కకు,

ఫోనులో అయితే ఇద్దరం అరుచుకుంటాం, అందుకే రాస్తున్నాను. క్రేను నడిపేవాళ్ళలో బీపీ ఉన్న వాళ్ళందరికీ చైనా కసరత్తు తప్పనిసరి చేశారు. తాయ్ చీ అట. రోత పుడుతోంది. క్యాంటీను బల్లలు పక్కకు జరిపి, బూట్లు విప్పించి నిలబెడతారు. మేజోళ్ళ కంపు, మాడిన నూనె కంపు. అందులోనే "పొట్ట నిండా గాలి పీల్చండి" అంటాడు పళ్ళసెట్టు మాస్టారు. మోకాళ్ళు వంచి, లేని బంతిని పట్టుకుని, ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మెల్లగా బరువు మార్చాలి. ఇనుప దూలాలు ఎత్తే మనిషిని నేను!

అయితే ఒక లాభం ఉంది. పొద్దున క్రేను ఎక్కేముందు మా సైటు నర్సమ్మ బీపీ చూస్తుంది. మరుగుదొడ్ల వెనక కాసేపు ఆ లేని బంతి పట్టుకుని నిలబడి, తర్వాత ఆవిడ దగ్గరికి వెళ్తే అంకె దిగొస్తోంది. ఇంక మాత్రలెందుకని మానేశాను. అవి వేసుకుంటే మాటిమాటికీ ఒంటేలు. అంత ఎత్తు నుంచి ఎన్నిసార్లు నిచ్చెన దిగను? నాతోపాటు క్రేను నడిపే బక్కోడికీ కిటుకు నేర్పాను. వాడూ మాత్రలు మానేశాడు.

నీ తమ్ముడు

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి ఛీ అనుకున్నాను. కసరత్తును చూసి కాదు, నీ తెలివితేటలు చూసి. మంచి కసరత్తు నేర్పితే దాన్ని నర్సమ్మ కళ్ళలో దుమ్ము కొట్టడానికి వాడతావా? పొద్దున దిగిన అంకె మధ్యాహ్నం ఎండలో ఎంతుంటుందో ఎవరు చూశారు? ఈ మాత్ర పడటం లేదు, మార్చండని డాక్టరును అడగడానికి నోరు పెగల్లేదా?

నాన్న కూడా ఇలాగే మాత్రలు మానేశాడు. మూతి వంకరపోయి మంచం పట్టాక ఆయన చొల్లు తుడిచింది నేను. నువ్వు గుమ్మం దాకా వచ్చి ముక్కు మూసుకుని వెళ్ళేవాడివి. నర్సమ్మకు నీ అంతట నువ్వే నిజం చెప్పు. తల తిరుగుతోందా? దాచకుండా రాయి.

నీ మంచి కోరే అక్క

అక్కా,

ఒళ్ళు మండి ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. ఇప్పుడు నీ కడుపు చల్లబడుతుందిలే. మొన్న మధ్యాహ్నం నర్సమ్మ నా ఒక్కడి కోసం క్రేను కిందికొచ్చి నిలబడింది. దిగీదిగగానే పట్టీ చుట్టింది. అంకె చూసి నన్ను నేరుగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మాత్ర మార్చారు. బీపీ కుదురుకునే దాకా క్రేను ఎక్కడానికి వీల్లేదన్నారు. నా సీట్లో బక్కోడు కూర్చున్నాడు. నేను కింద నిలబడి వాడికి చేతులతో సైగలు చేయాలి. మెల్లగా పైకి, మెల్లగా కిందికి. అందరూ ఒకటే నవ్వు.

చాడీ చెప్పింది వాడే. ఇంకెవరికీ తెలియదు. వాడి మొహం చూస్తేనే అసహ్యం పుడుతోంది. రేపో మాపో చొక్కా పట్టుకుంటాను.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. తల తిరిగేది. ఒకసారి దూలం గాల్లో ఉండగా కళ్ళు మసకబారాయి. కింద మనుషులున్నారు.

తమ్ముడు

ప్రియమైన తమ్ముడికి,

వాడి చొక్కా జోలికి పోకు. మీ ఆఫీసుకు ఫోన్ చేసి, నర్సమ్మను పిలిపించుకుని, "ఎక్కేముందు కాదమ్మా, దిగాక చూడండి" అని చెప్పింది నేను. నామీద అసహ్యం పుడితే పుట్టనీ. నాన్న చొల్లు తుడిచినప్పుడల్లా నాకూ రోతే పుట్టేది, ఎవరికీ చెప్పలేదు. నీది తుడవడం నా వల్ల కాదురా.

ఫోనులో నా తమ్ముడి సంగతే చెప్పాను. బక్కోడు నాకు గుర్తే రాలేదు. మాత్రలు మానేసినవాడు ఇప్పుడు పైన కూర్చున్నాడు. దూలం కింద నువ్వున్నావు. ఈ ఉత్తరం జేబులో పెట్టుకుని ముందు నర్సమ్మ దగ్గరికి పరుగెత్తి వాడి సంగతి చెప్పు. నువ్వు చెప్పకపోతే నేనే మళ్ళీ ఫోన్ చేస్తాను. వాడు దిగాక నన్ను తీరిగ్గా తిట్టుకో.

చాడీలు చెప్పిన అక్క