ఉప్పు తాగిన పలక

గుడివాడ,
ఆదివారం మధ్యాహ్నం

నాన్నా,

పడవ ఇంజను పక్కన కూర్చుని కూర్చుని నీ చెవులు సగం పోయాయి కాబట్టి, ఫోనులో అరిచే ఓపిక లేక ఉత్తరం రాస్తున్నాననుకో. అసలు సంగతి అది కాదు. ఫోనులో నేనేం చెప్పినా సరిగ్గా వినపడక "బాగుంది, బాగుంది" అని పెట్టేస్తావు. ఇది నువ్వు బాగుంది అనకూడని మాట.

నీ పాత చెక్కపడవని విప్పేసిన రోజున "ఒక్క పలక నాకుంచు నాన్నా, గిటారు చేస్తాను" అని అడిగాను. నువ్వు ఒక్క మాటా మాట్లాడకుండా మంచి పలక ఒకటి ఏరి నా భుజాన పెట్టావు. ఆ మౌనం తలుచుకుని బస్సులో అవనిగడ్డ దాటేదాకా ఏడ్చాను. ఆ పడవే కదా నన్ను బందరులో ఇంజనీరింగు చదివించింది. అంత చదివి ఇక్కడ ముక్తార్ గారి షాపులో దేవుడి గది తలుపులు చెక్కే మిషను నడుపుతున్నానని అమ్మకి ఇంకా మింగుడుపడలేదు. ఆ మిషను ఖాళీగా ఉన్నప్పుడే నా గిటార్లు. మొదటిది నందివాడ చర్చిలో ఇప్పటికే మోగుతోంది.

నీ పలకని మాత్రం పాడుచేశాను.

ముందు దాన్ని చీల్చి, పుస్తకం తెరిచినట్టు రెండు ముక్కల్నీ పక్కపక్కన అతికించాను. ఎలక్ట్రిక్ గిటారు ఒంటి ఆకారం కోసి, తీగల కింద అయస్కాంతాలు కూర్చోడానికి గుంటలు తవ్వాను. ఎంత ముచ్చటగా వచ్చిందో చెప్పలేను. ఇంతలో వానలు పట్టుకున్నాయి. పాలిష్ కింద బొబ్బలు లేచాయి. స్క్రూలన్నీ తుప్పు. చెక్క మీద తెల్లగా ఏదో పేరుకుంటే వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు! చేపలవాళ్ల పిల్లనయ్యుండి, ఉప్పు చెమ్మని లాగుతుందని నాకు తెలియకపోవడమేంటి? అన్నేళ్లు సముద్రం తాగిన చెక్క, వానగాలి తగలగానే మళ్లీ తాగడం మొదలెట్టింది. పడవ మీద మోజులో నా బుద్ధి పనిచెయ్యలేదు.

"ఏమ్మా సింధూ, గిటారా ఇది, ఉప్పుచేపా? ఎండబెట్టమంటావా?" అన్నారు ముక్తార్ గారు. షాపంతా నవ్వింది, నేను తప్ప.

ఆ తర్వాత వేరే చెక్కతో ఇంకోటి చేశాను. ఒళ్లు వేప. మెడ టేకు, ఇక్కడ పడగొట్టిన ఒక పాత రైసుమిల్లు దూలంలోంచి కోసింది. ఊక దుమ్ములో ఎండి ఎండి, తడితే గంటలా పలికే చెక్క. గిటారుకి మెడే కష్టం నాన్నా. తీగలు దాన్ని పొద్దస్తమానం ముందుకి లాగుతూనే ఉంటాయి. అందుకని మూడు బద్దలు కోసి, నడిమిదాన్ని తిరగేసి అతికించాను. ఒకటి ఇటు వంగబోతే పక్కది అటు లాగుతుంది. అచ్చం నువ్వూ, అమ్మా, నాయనమ్మా! లోపల సన్నగా గాడి తీసి ఒక ఇనపకడ్డీ దాచాను. అది బిగిస్తే మెడ నిటారుగా నిలబడుతుంది. ఇన్ని వానలు కురిసినా వెంట్రుకవాసి కదల్లేదు.

గిటారు బాగుంది. కానీ అందులో నీ పడవ లేదు. పడవ ముక్క గోనెసంచిలో చుట్టి మిషను కింద దాచాను. నువ్వేమో "మా అమ్మాయి పడవ చేత పాట పాడిస్తుంది" అని రేవులో అందరికీ చెబుతున్నావట. ఈ గిటారే చూపించి ఇదే నీ పడవ అంటే నమ్ముతావు. నిజం చెప్పాలంటే, అలాగే చేద్దామనుకున్నాను కూడా. చెయ్యను. తిట్టాలనిపిస్తే ఫోన్ చేసి తిట్టు. నా చెవులు బాగానే ఉన్నాయి.

నీ కూతురు,
సింధు


నాగాయలంక

సింధమ్మా,

రాసేది మీ అమ్మని, చెప్పేది మీ నాన్న. నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకుని నవ్వడం మొదలెట్టాడు, ఇంకా ఆపలేదు. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నా.

"ఒసే పిచ్చిదానా, ఆ రోజు నేను మాట్లాడకుండా ఇచ్చింది బాధతో కాదే, భయంతో! వెనకాలే మీ నాయనమ్మ నిలబడుంది. పాత పడవ చెక్కంతా కొత్త పడవలో పట్టిన చేపల పులుసు కింద మండిపోవాలి, పుల్ల కూడా మిగలకూడదు. మన ఇళ్లల్లో ఎప్పట్నించో అంతే. నువ్వు నోరు తెరిచి అడిగావు, కాదనలేకపోయా. మిగతాదంతా మండింది, నీ పలక తప్ప. అప్పట్నించీ ఈ ఫైబరు పడవలో వల ఖాళీగా వస్తే చాలు, 'పలక దాచావుగా, అనుభవించు' అంటుంది మీ నాయనమ్మ. పలకేదిరా అని రేవులో అడుగుతుంటే పాటా గీటా అని ఏదో ఒకటి చెప్పా. తిరిగిమ్మంటే నువ్వు చిన్నబుచ్చుకుంటావని నోరెత్తలా. దాన్ని పట్టుకుని ముందు వచ్చెయ్. ఆ వేప గిటారు కూడా తే."

వచ్చేటప్పుడు కొత్త చింతపండు తీసుకురా. ఇది నా మాట.

అమ్మ కనకమహాలక్ష్మి, పక్కన నవ్వుతూ మీ నాన్న పోతయ్య


గుడివాడ,
శుక్రవారం

నాన్నా,

చేతికి ఇంకా పులుసు వాసన పోలేదు. పోకపోయినా పర్వాలేదు.

పాలిష్ గీకేసి, స్క్రూలు పీకేసి తెచ్చిన ఆ గిటారు ముక్క పొయ్యిలో అంచులు నీలంగా మండుతుంటే నాయనమ్మ "దీనికి నడుం కూడా పెట్టావటే!" అని బుగ్గలు నొక్కుకుంది చూడు, అప్పుడు నాకు వానాకాలం మొదలయ్యాక మొదటిసారి సరిగ్గా ఊపిరాడింది.

ఆ రోజు నువ్వు చూడలేనిది ఒకటుంది. నీ మొహం. అందుకే రాస్తున్నాను.

వేప గిటారుకి స్పీకరు పెట్టి వాయిస్తే నువ్వు మర్యాదకి "బాగుంది, బాగుంది" అన్నావు. నీకేమీ వినపడలేదని నాకు తెలుసు. వైరు పీకేశాను. నా చిన్నప్పుడు ఎదురుమొండి దగ్గర తెడ్డు నీళ్లలోకి దించి, పైకొసకి చెవి ఆన్చి, గొరక చేపల మంద చేసే చప్పుడు వినేవాడివి గుర్తుందా? అది గుర్తొచ్చే, గిటారు మెడ కొస నీ దవడకి ఆన్చి లావు తీగ మీటాను. నీ కళ్లు మూసుకుపోయాయి. నోరు కొంచెం తెరుచుకుంది. "ఏమైందే వీడికి?" అని నాయనమ్మ కంగారుపడింది. నువ్వు చెయ్యి అడ్డం పెట్టి, "ఉండవే అమ్మా, గొరకలు" అన్నావు.

అలా ఎంతసేపు వాయించానో. అమ్మ అన్నానికి పిలిచినా నువ్వు దవడ తియ్యలేదు.

ఎలక్ట్రిక్ గిటారులో పలికేదంతా అయస్కాంతాలే, చెక్క ఎవరికీ వినపడదని చాలామంది అంటారు. అననీ. ఇవాళ ఇంకో మెడ మొదలెట్టాను. కొస దగ్గర కొంచెం వెడల్పుగా, లోపలికి పల్లంగా కోస్తుంటే ముక్తార్ గారు వచ్చి, "ఇదేం వంకరమ్మా?" అన్నారు.

"మా నాన్న దవడ కొలతండీ" అన్నాను.

నీ
సింధు