సాయంత్రంలోగా ఇన్సూరెన్సు కాగితం

షారోన్,

మైమూన్ చిన్నమ్మ కుళాయి దగ్గర అందరికీ చెబుతోందట: "ఆ పిల్లకు ఇన్సూరెన్సు ఎందుకు మే? మా కొడుకు అన్సర్‌కు కువైట్‌లో కంపెనీవాళ్లే ఆస్పత్రి కార్డు ఇచ్చినారు." నువ్వు అది నమ్మి ఫారం సగంలో ఆపేశావు. తల్లీ, నీది ఆస్ట్రేలియాలో ఏడాదిపాటు తిరుగుతూ పనిచేసుకునే వీసా. నిన్ను ఏ కంపెనీ పిలవలేదు. జ్వరమొస్తే కార్డు పట్టుకుని ఎవరూ రారు.

వీసా ఆఫీసువాళ్లు అడిగిన పాలసీ కాగితానికి గడువు ఈ రోజు సాయంత్రం ఐదు. దాటితే వీసా మీద ఆశ వదులుకో. ఏడాది మొత్తానికీ తీసుకో, మూడు నెలలకు కాదు. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయి.

అక్కడ ద్రాక్ష కోస్తానంటావు. మన చేలో శనగ పీకమంటే నడుం నొప్పి అంటావు. ఆ నడుముకైనా ఇన్సూరెన్సు ఉండాలి.

ఎర్రగుంట్ల బస్సుకు టైమైంది. అన్నం గిన్నెలో ఉంది, తిను.

హెలెనక్క

మరిచాను. పాలసీ షరతులు అమ్మకు చదివి వినిపించాను. అక్కడ ప్రాణం పోతే శవాన్ని ఇంటికి చేరుస్తారని ఉంది. అమ్మ ఊడ్చడం ఆపి అడిగింది: "శవాన్నయితే తెచ్చిస్తారా? బతికుండే పిల్లను తెచ్చియ్యరా?"